అమ్మ చెయ్యి పట్టుకోని హీరోయిన్!

మన సినిమాల్లో తప్పిపోయిన పిల్లవాడు దొరికే సీను ఎలా వుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తిరునాళ్ళలో చెయ్యి జారిన బాబు ఇరవై ఏళ్ళ తర్వాత కనిపిస్తాడు. మెడలో లాకెట్టో, భుజంమీద పుట్టుమచ్చో, చిన్నప్పుడు అమ్మ పాడిన పాటో సాక్ష్యం చెబుతుంది. "అమ్మా!" అని వాడు, "బాబూ!" అని ఆవిడ! వయొలిన్లు ఒక్కసారిగా లేస్తాయి. నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా జేబురుమాళ్ళు బయటికొస్తాయి. నేనూ తీసినవాణ్ణే, దాచుకోవడం దేనికి!

అయితే ఈమధ్య ఒక సినిమా చూశాను. ఫిల్మ్ సొసైటీల్లో తిరిగే మిత్రుడొకడు చూపించాడు. అందులో పాటల్లేవు, ఫైట్లు లేవు. నలుపు తెలుపు చిత్రం. మొత్తం ముప్పావుగంట. క్లైమాక్సులో తల్లి వచ్చింది. కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళాలి. ఆ పిల్ల అమ్మ చెయ్యి పట్టుకోలేదు! తన సామాన్లు తానే గుండెలకి హత్తుకుని నడిచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. ఎందుకంటే అలాంటి సీనే నేను మా ఇంట్లో, తెనాలిలో, కళ్ళారా చూశాను. అందులో నాది విలన్ వేషం! ఆ సంగతి తర్వాత. ముందు సినిమా గురించి.

కథానాయిక వయసు రెండేళ్ళ అయిదు నెలలు

చిత్రం పేరు "ఎ టూ ఇయర్ ఓల్డ్ గోస్ టు హాస్పిటల్". 1952 నాటి ఇంగ్లీషు చిత్రం. హీరోయిన్ పేరు లారా. బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు లండన్ ఆసుపత్రిలో వుంది. ఆ ఎనిమిది రోజులే కథ.

దర్శకుడూ కెమెరామనూ ఒక్కరే, పేరు జేమ్స్ రాబర్ట్‌సన్. ఆయన సినిమా మనిషి కాదు. యుద్ధకాలంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ గారమ్మాయి అన్నా ఫ్రాయిడ్ లండన్‌లో పిల్లల కోసం నడిపిన నర్సరీలో బాయిలర్ చూసుకునే పని చేశాడు. అక్కడ ఒక నియమం వుండేది. ఏ పని చేసేవాళ్ళయినా సరే, పిల్లల్లో తాము గమనించినదాన్ని కార్డు మీద రాసి ఇవ్వాలి. బాయిలర్ దగ్గర మనిషికి పిల్లల్ని చూడ్డం అలా అలవాటయింది! 1948లో జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడి దగ్గర చేరాడు. తల్లీబిడ్డల అనుబంధం మీద ఆ తర్వాత పెద్ద పెద్ద గ్రంథాలు రాసిన బౌల్బీ ఈయనే.

రాబర్ట్‌సన్ పని ఆసుపత్రుల్లో వున్న చిన్నపిల్లల్ని గమనించడం. ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రుల్లో అమ్మానాన్నలకి ప్రవేశం చాలా తక్కువ. కొన్నిచోట్ల వారానికి ఒకటి రెండు గంటలు, అంతే! తల్లి వచ్చి వెళితే పిల్ల ఏడుస్తుంది, రాకపోతే బుద్ధిగా వుంటుంది, కనుక రాకపోవడమే మేలని డాక్టర్లూ నర్సులూ నిజంగానే నమ్మేవారు.

రాబర్ట్‌సన్‌కి కనిపించింది వేరు. అమ్మ కోసం పిల్ల మొదట గొంతు చించుకుని ఏడుస్తుంది. తర్వాత నీరసపడి మూల కూర్చుంటుంది. ఆ తర్వాత ఆడుకుంటుంది, తింటుంది, నర్సుల్ని చూసి నవ్వుతుంది. "చూశారా, అలవాటు పడిపోయింది!" అని అందరూ సంతోషిస్తారు. కానీ అమ్మ వస్తే మొహం తిప్పేసుకుంటుంది! అది అలవాటు పడటం కాదు, ఆశ వదిలేసుకోవడం అంటాడాయన. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. సరే, చెప్పి లాభంలేదు, చూపిస్తానని జీవితంలో మొదటిసారి సినిమా కెమెరా పట్టుకున్నాడు.

ఏడ్చే పిల్లని వెతికి తీశాడన్న మాట రాకూడదని, వచ్చే రోగుల జాబితాలో చీటీ తీసినట్టు ఒక పేరు తీశాడు. రోజూ అదే వేళకి తీశాడు. సాక్ష్యానికి వార్డులో గడియారాన్ని కూడా షాట్‌లో పెట్టాడు. తీరా చూస్తే లారా గోల చేసే పిల్ల కాదు. ఏడుపు మింగుకుంటుంది. తన టెడ్డీబేర్‌నీ, పాత దుప్పటినీ గట్టిగా పట్టుకుంటుంది. పెదవి వణుకుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. ఆ పెదవి వణికినప్పుడు చూడాలి, మహానటులు కూడా చేయలేని క్లోజప్ అది!

హాలులో గలభా!

1952 నవంబరులో లండన్ రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో ఈ చిత్రాన్ని డాక్టర్లకీ నర్సులకీ చూపించారు. లైట్లు వెలగగానే హాలు భగ్గుమంది. మా వృత్తికి అవమానమన్నారు. ఈ సినిమాని వెనక్కి తీసుకోవాలన్నారు. ఆ రోజు కోపం తెచ్చుకున్నవాళ్ళలో డెర్మాడ్ మెకార్తీ అనే పిల్లల డాక్టరు కూడా వున్నాడు. తీరా తన వార్డుకి వెళ్ళి చూసుకుంటే, మంచం మంచానికీ ఒక లారా కనిపించింది! మనిషి మారిపోయాడు. ఏమర్షమ్‌లోని తన వార్డులో తల్లుల్ని పిల్లల దగ్గరే వుండనిచ్చాడు. రాబర్ట్‌సన్ రెండో చిత్రం 1958లో వచ్చింది. అది తీసింది ఆ వార్డులోనే. తల్లితోపాటు ఆసుపత్రిలో వున్న ఇరవై నెలల శాలీ కథ అది. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక వచ్చింది. పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రుల్ని ఏ వేళనయినా రానివ్వాలనీ, తల్లి వుండటానికి వీలు చేయాలనీ బ్రిటిష్ ప్రభుత్వానికి సిఫారసు చేసింది. ఒక సినిమా వల్ల చట్టాలు కదలడం మనం తెరమీద చూశాం. ఇది నిజంగా కదిలిన కథ!

ఇంకో ముక్క చెప్పాలి. ఆర్నెల్ల తర్వాత లారా తల్లిదండ్రులు ఇంట్లో ఆ చిత్రం చూస్తుంటే, నిద్రలేచిన లారా గదిలోకి వచ్చి చివరి సీను చూసేసింది. మొహం ఎర్రబడింది. ఇంతసేపూ నువ్వెక్కడున్నావని అమ్మని నిలదీసింది. బావురుమని, అమ్మ దగ్గరికి కాదు, నాన్న దగ్గరికి పరుగెత్తింది. ఎనిమిది రోజుల బాకీని ఆ పిల్ల ఆర్నెల్లు మనసులో మోసింది!

నా విలన్ వేషం

ఇప్పుడు మా తెనాలి కథ. 2016లో మా అక్కనీ బావనీ వాళ్ళ కంపెనీ పనిమీద అమెరికా పంపింది. రెండు నెలలన్నారు. మేనల్లుడికి అప్పటికి పదిహేను నెలలు. అమ్మ దగ్గర వదిలి వెళదామనుకున్నారు. ప్రయాణం రోజు అక్క కళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడితే అమ్మ అంది, "చెప్పి వెళితే ఏడ్చి చస్తాడే! వాడు చూడకుండా వెళ్ళిపోండి. రెండ్రోజుల్లో వాడే మర్చిపోతాడు." తమాషా ఏమిటంటే, 1972లో వచ్చిన "పాపం పసివాడు"లో ఎడారిలో ఒంటరిగా చిక్కుకున్న పిల్లవాణ్ణి చూసి మా అమ్మ చీరకొంగు తడిపేసుకుందట. ఆ సంగతి ఇప్పటికీ చెబుతుంది!

వాణ్ణి అక్కణ్ణించి తప్పించే పని నాకు పడింది. మా ఇల్లు స్టేషనుకి దగ్గర. వాడికి రైలంటే ప్రాణం. "రారా, కూ... చూపిస్తా" అని చంకనెత్తుకున్నాను. వాడు నవ్వుతూ వచ్చాడు. గూడ్సుబండి పెట్టెలన్నీ ఒక్కొక్కటే చూపించి, అరగంట చేసి ఇంటికి తెచ్చాను. టాక్సీ వెళ్ళిపోయింది. వాడు చంక దిగి గది గదీ తిరిగాడు. తలుపు వెనక చూశాడు. మంచం కింద చూశాడు. దోబూచులాట అనుకున్నాడేమో, మొదట నవ్వుతూనే వెతికాడు!

వారం రోజులు గేటు దగ్గర ఏడుపు. తర్వాత అక్క పాత చున్నీ ఒకటి పట్టుకుని నోట్లో వేలేసుకుని కూర్చునేవాడు. నెల తిరిగేసరికి ఆడుకున్నాడు, పప్పన్నం తిన్నాడు, అమ్మ కొంగు పట్టుకుని తిరిగాడు. వీడియో ఫోనులో అక్క కనిపిస్తే మొదట్లో ఫోనుని ముద్దు పెట్టుకునేవాడు, తర్వాత్తర్వాత తోసేసి పరుగెత్తేవాడు. "అలవాటు పడిపోయాడు" అని మేం సంతోషించాం! లండన్ నర్సుల డైలాగే, అక్షరం పొల్లుపోకుండా!

రెండు నెలలన్నది ఏడు నెలలయింది. అక్క వచ్చిన రోజు గుమ్మంలో బ్యాగు పడేసి రెండు చేతులూ చాచింది. వాడు ఒక్కసారి చూసి, అమ్మమ్మ చీర కుచ్చిళ్ళ వెనక దూరిపోయాడు. "అమ్మనే మర్చిపోయావట్రా వెధవా!" అని ఎవరో నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ రాత్రి పెరట్లో కూర్చుని, "వాడు నన్ను మర్చిపోయాడురా తమ్ముడూ" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. ఎందుకంటే వాడు నన్నూ మర్చిపోలేదు. "రైలు చూద్దాం రారా" అంటే చాలు, వెనక్కి వెనక్కి జరిగేవాడు.

మూడు నిమిషాల సీన్లు ఎనిమిది

మర్చిపోవడం కాదని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. బౌల్బీ, రాబర్ట్‌సన్‌లతో కలిసి పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ అనే ఆవిడ 1954లో ఆఫ్రికాలోని ఉగాండా వెళ్ళి, పల్లెల్లో తల్లుల్నీ పసివాళ్ళనీ ఇళ్ళకెళ్ళి చూసింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇంకో ప్రయోగం చేసింది. ఒక గది. బొమ్మలు. ఏడాది వయసు బిడ్డ, తల్లి. ఓ కొత్త మనిషి వస్తుంది, తల్లి బయటికి వెళుతుంది, మళ్ళీ వస్తుంది. సుమారు మూడేసి నిమిషాల చొప్పున ఎనిమిది సీన్లు. స్క్రీన్‌ప్లే అంతే!

అందరూ తల్లి వెళ్ళే సీను ముఖ్యమనుకుంటారు. కాదు. తల్లి తిరిగొచ్చే సీను ముఖ్యం! కొందరు పిల్లలు ఏడ్చినా ఏడవకపోయినా, అమ్మ రాగానే దగ్గరికి వెళతారు. కాసేపట్లో ఊరడిల్లి మళ్ళీ బొమ్మల వైపు వెళతారు. భరోసా వున్న అనుబంధం అంటే అదీ. ఇంకొందరు అమ్మని చూడనట్టే బొమ్మతో ఆడతారు. పైకి నిబ్బరం. కానీ అలాంటి పిల్లల గుండె వేగం కొలిచి చూస్తే లోపల దడదడలాడుతూనే వుందని 1977లో తేలింది. మరికొందరు ఎత్తుకోమని ఏడుస్తారు, ఎత్తుకుంటే తంతారు. ఈ తేడాకి కారణం ఆ గదిలో లేదు. ఏడాది పొడుగునా ఇంట్లో ఆ బిడ్డ సైగకి ఎలాంటి జవాబు దొరికిందన్నదాన్లో వుందని ఎయిన్స్‌వర్త్ చెప్పింది. "ఏడవగానే ఎత్తుకుంటే చెడిపోతాడు" అంటారే, దానికి ఎదురుగా, మొదటి నెలల్లో వెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువ ఏడుస్తున్నారని 1972లో ఆవిడా, సిల్వియా బెల్ కలిసి రాశారు.

బాబుకి డబ్బింగ్!

"మరి చేతకాని తల్లిదండ్రులకి నేర్పించడం ఎలా?" అంటారా? ఇక్కడ మళ్ళీ మన సినిమాయే పనికొచ్చింది! హాలండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పద్ధతి తయారుచేశారు. ఒక మనిషి ఇంటికొచ్చి, తల్లీబిడ్డా ఆడుకోవడం, అన్నం తినడం కాసేపు వీడియో తీస్తుంది. మళ్ళీసారి వచ్చి అదే వేసి చూపిస్తుంది. తప్పులు పట్టదు. "ఇదుగో, ఇక్కడ ఆపుదాం. బాబు మీ వైపు చూశాడు, మీరు నవ్వారు. వాడి మొహం చూశారా!" అంటుంది. అంతేకాదు, మాటలు రాని బాబుకి ఆవిడే డబ్బింగ్ చెబుతుంది: "అమ్మా, నేనింకా ఆడుకుంటున్నాను, అప్పుడే లాక్కోకు" అని. తల్లికి తన బిడ్డ సైగలు తెరమీద మొదటిసారి అర్థమవుతాయి.

ఈ డబ్బింగ్ మనకి కొత్త కాదండోయ్! "మా తండ్రికి నిద్దరొస్తోందట... ఉయ్యాలెక్కుతాడట... లైటు తీసెయ్యమంటున్నాడు!" అని మన అమ్మమ్మలు రోజూ చెప్పేదేమిటి మరి? ఆ "అట"లో ఎంత శాస్త్రం వుందో!

ఖర్చయ్యే విద్య కూడా కాదు. 1994లో హాలండ్‌లోనే డింఫ్నా వాన్ డెన్ బూమ్ అనే పరిశోధకురాలు, ఊరికే చిరాకుపడే పసివాళ్ళున్న పేద తల్లుల ఇళ్ళకి మూడంటే మూడుసార్లు పంపి, బిడ్డ సైగని ఎలా చూడాలో నేర్పించింది. ఏడాది వయసుకి ఆ పిల్లల్లో నూటికి అరవైమందికి పైగా భరోసా వున్న అనుబంధం కనిపించింది. అలా నేర్పించని ఇళ్ళలో మూడోవంతు కూడా లేరు! 1990లో న్యూయార్కులో పేద తల్లులు కొందరికి బిడ్డని ఒంటికి కట్టుకునే మెత్తటి జోలె, కొందరికి ప్లాస్టిక్ సీటు ఇచ్చారు. పదమూడో నెలలో చూస్తే జోలె పిల్లల్లో భరోసా నూటికి 83, సీటు పిల్లల్లో 38! మన చంకకీ, వీపుకీ విలువ కట్టింది అమెరికా!

తల్లులు భయపడాల్సిన పనీ లేదు. ఇరవైనాలుగు గంటలూ బిడ్డ మనసు కనిపెట్టుకుని వుండటం ఎవరివల్లా కాదు. అన్నీ బాగున్న ఇళ్ళలో కూడా తల్లీబిడ్డల తాళం కుదిరేది మూడోవంతు సమయమేనని ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చెప్పాడు. మిగతాదంతా తప్పడం, దిద్దుకోవడం! ఆ దిద్దుకోవడంలోనే బిడ్డకి నమ్మకం పుడుతుందట. మొహంలో ఏ భావమూ లేకుండా తల్లిని రెండు నిమిషాలు కూర్చోబెడితే పసివాడు నవ్వి, చేతులాడించి, చివరికి మొహం తిప్పుకోవడం ఆయన తీసిన చిత్రాల్లో చూడొచ్చు. ఫోనులో తల దూర్చిన మన మొహాలు పిల్లలకి అలాగే కనిపిస్తాయేమో, ఓసారి ఆలోచించండి!

అక్క దిద్దుకున్న రీలు

మా అక్కకి దారి చూపించింది గుంటూరులోని ఒక పిల్లల డాక్టరుగారు. "వెంటనే బెంగుళూరు తీసుకెళ్ళిపోతానమ్మా?" అని అక్క అడిగితే, "వాడికి ఇప్పుడు అమ్మ ఎవరు? మీ అమ్మగారు. ఆవిణ్ణి కూడా లాగేస్తారా?" అన్నారాయన. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలకి అనుబంధం ఒక్కరితోనే వుండదు. నాన్న, తాత, అమ్మమ్మ అందరూ వుంటారు. 1964లో గ్లాస్గో నగరంలో అరవైమంది పసివాళ్ళని చూసి చెప్పిన మాట ఇది.

అక్క సెలవు పెట్టి నెల్లాళ్ళు తెనాలిలోనే వుంది. వాణ్ణి లాక్కోలేదు, ముద్దులకి బలవంతపెట్టలేదు. వాడాడుకునే చోట నేలమీద కూర్చునేది. వాడు బిందెమీద గరిటెతో కొడితే తనూ కొట్టేది. తోసేస్తే, "అమ్మమీద కోపంగా వుందట మా నాన్నకి" అని అక్కడే వుండేది. తొమ్మిదో రోజో పదో రోజో వాడు వెనకనించి వచ్చి అక్క వీపుమీద పడ్డాడు. అంతే, వెంటనే దిగి పారిపోయాడు. అక్క కదల్లేదు. వాడు మళ్ళీ వచ్చాడు! బెంగుళూరు వెళ్ళేటప్పుడు అమ్మ కూడా వెళ్ళి మూణ్ణెల్లు వుండి వచ్చింది. వచ్చేటప్పుడు వాడికి చెప్పి, వాడు ఏడుస్తుంటే చూసి, మళ్ళీ ఎప్పుడొస్తానో చెప్పి మరీ వచ్చింది.

రాబర్ట్‌సన్ దంపతులు చేసింది కూడా ఇదే. తల్లి ప్రసవానికి వెళ్ళిన పిల్లల్ని నలుగుర్ని తమ ఇంట్లో వుంచుకున్నారు. ముందే పరిచయం చేసుకుని, వాళ్ళ దుప్పట్లూ బొమ్మలూ తెప్పించి, అమ్మ ఫొటో చూపిస్తూ, అమ్మ మాట రోజూ చెబుతూ చూసుకున్నారు. ఆ పిల్లలు బెంగపడ్డారు గానీ విరిగిపోలేదు. అదే 1969లో వచ్చిన వాళ్ళ చిత్రంలో, పూటకో నర్సు మారే నర్సరీలో తొమ్మిది రోజులున్న పదిహేడు నెలల జాన్, అమ్మ రాగానే ఒళ్ళు విరుచుకుని కేకలు పెట్టాడు.

మీలో చాలామందికి ఇంకా పెళ్ళి కాలేదని నాకు తెలుసు. అయితేనేం? బాబాయిలు, పిన్నులు, మేనమామలు మీరే. పిల్లాణ్ణి మభ్యపెట్టి బయటికి తీసుకెళ్ళే పని ఇళ్ళల్లో పడేది మన వయసువాళ్ళకే! ఆ పని అడిగితే చేయకండి. టాటా చెప్పించండి. ఏడిస్తే ఎత్తుకోండి. నిజం చెప్పి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారని వాడికి తెలియడానికి ఆ ఏడుపే పెట్టుబడి.

ఆ సినిమా చూశాక పోయిన నెల తెనాలి వెళ్ళాను. సెలవులకి అక్కా వాళ్ళూ వచ్చారు. మేనల్లుడు ఇప్పుడు నా భుజం దాకా వచ్చాడు. వాణ్ణి అరుగుమీద కూర్చోబెట్టి, "చిన్నప్పుడు నిన్ను మోసం చేశానురా" అని గూడ్సుబండి సంగతంతా చెప్పాను. వాడికేం గుర్తులేదు. పకపకా నవ్వాడు. నవ్వి, కాసేపాగి, లోపలికి చూస్తూ అడిగాడు.

"అయితే అమ్మా, అప్పుడు నువ్వెక్కడున్నావ్?"

అక్క చేతిలో పని వదిలేసి వచ్చి వాడి పక్కన కూర్చుంది. ఎక్కడుందో, ఎందుకు వెళ్ళిందో, విమానంలో ఎంత ఏడ్చిందో మొదటినుంచీ చెప్పింది. వాడు మధ్య మధ్య ప్రశ్నలు వేస్తూ పూర్తిగా విన్నాడు.

తర్వాత లేచి చెప్పులేసుకున్నాడు. "మామయ్యా, స్టేషనుకి వెళదామా?" అన్నాడు. నేను లేచేలోగా ఇంకో మాట అన్నాడు.

"అమ్మ కూడా వస్తుంది."

ముగ్గురం వెళ్ళాం. గూడ్సుబండికి యాభైఎనిమిది పెట్టెలు.